ఏడు వేల అడుగుల ఎత్తున మా నాన్న పడవ

సంక్రాంతి వెళ్ళాక మా అమ్మానాన్నలు బెంగళూరు వచ్చారు. వచ్చిన రెండో రోజు పొద్దున నాన్న వాకింగ్‌కని సర్జాపూర్ రోడ్డులోని కైకొండ్రహళ్ళి చెరువుకి వెళ్ళొచ్చి, కాఫీ గ్లాసు అందుకుంటూ అడిగిన మొదటి మాట: "అంత చెరువు పెట్టుకుని ఒక్క పడవ లేదేంటమ్మాయ్?"

అక్కడ పిట్టలు వాలతాయి, వాటి కోసం చెరువుని అలా ఉంచారని చెప్పాను. సరే అన్నారు గానీ మొహంలో సరే లేదు. ఆ ఆదివారం హలసూరు చెరువుకి తీసుకెళ్ళాను. మోటారు బోటులో ఇంకో పదిమందితో కలిసి ఒక చుట్టు తిరిగి దిగాక, "బాగుంది, సిటీ బస్సెక్కినట్టుంది" అన్నారు.

నాన్నది ముమ్మిడివరం వైపు గోదావరి లంక. వంతెనలు లేని రోజుల్లో పెరిగిన మనిషి. బడికి పడవ, సంతకి పడవ, పెళ్ళికి పడవ. తాతయ్యకి సొంత నాటుపడవ ఉండేది. కొబ్బరికాయలూ అరటిగెలలూ అవతలి రేవుకి చేర్చేవారు. పద్నాలుగేళ్ళకే నాన్నకి గెడ వేయడం, తెడ్డు పట్టడం వచ్చేశాయి. తర్వాత లెక్కల మాస్టారు ఉద్యోగం వచ్చింది, ఎదుర్లంక దగ్గర వంతెన వచ్చింది, పడవ కొబ్బరితోటలో బోర్లా పడి పుచ్చిపోయింది. దాని గురించి ఆయన బెంగపడగా నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఆ చెరువు మాట నా చెవిలో ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఆయనకి డెబ్భై నిండుతాయి. భీమరథ శాంతి ఊళ్ళోనే చేయించాలని అమ్మ ఎప్పుడో తేల్చేసింది. "పూజ మీ ఇష్టం, పుట్టినరోజు మాత్రం నాకొదిలేయండి" అన్నాను. ఎక్కడికైనా కొండ మీదికి వెళ్ళాలి, ముక్కూమొహం తెలియని పదిమందితో కాకుండా మనకి మాత్రమే ఒక పడవ తీసుకోవాలి. అంతే నా ప్లాన్. మా ఆయనకి ఆఫీసులో రిలీజ్ వారం, రాలేనన్నారు. ముగ్గురమే.

బెంగళూరు నుంచి కొండ మీద చెరువంటే ఊటీ, లేదంటే కొడైకెనాల్. రెండూ ఇంగ్లీషు కలెక్టర్లు కట్టించినవే. ఊటీది కోయంబత్తూరు కలెక్టరు సలివన్, కొడైది మదురై కలెక్టరు లెవింజ్. ఊటీ దగ్గర, కొడై దూరం. అయినా కాలేజీ రోజుల్లో కొడై వెళ్ళినప్పుడు తెడ్ల పడవలు చూసిన గుర్తుంది. మోటారు బోటు ఎక్కించి మళ్ళీ సిటీ బస్సనిపించుకోవడం ఇష్టంలేక కొడై అనుకున్నాను.

ఇక్కడే తెలివితక్కువ పని చేశాను. ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన నంబరుకి ఫోన్ చేస్తే, మర్యాదగా తెలుగులోనే మాట్లాడాడు. ప్రైవేట్ లేక్ క్రూజ్, పూల డెకరేషన్, కేకు, నలభై ఐదు నిమిషాలు, బోటంతా మనదే. ఫొటో కూడా పంపాడు. పరుపులు, కర్టెన్లు, చెక్కిన నగిషీ పని, వెనకాల మంచు కప్పిన కొండ. కొడైలో మంచుకొండ ఎక్కడిదని ఆ క్షణాన నాకు తట్టనే లేదు. మూడున్నర వేలు అడ్వాన్సు పంపేశాను.

ఈ-పాస్ పని దాంతో పోలిస్తే చాలా నయం. 2024 మే 7 నుంచి, మద్రాసు హైకోర్టు ఆదేశం మేరకు, ఊటీకైనా కొడైకైనా బయటి నుంచి వెళ్ళే బండికి ఈ-పాస్ ఉండాలి. ఫోన్‌కి ఓటీపీ, బండి నంబరు, ఎంతమంది, ఏ రోజు వచ్చి ఏ రోజు వెళ్తారు, ఎక్కడ దిగుతారు. నింపగానే క్యూఆర్ కోడ్ వచ్చేస్తుంది. నాకొచ్చిన తిప్పలల్లా, ముందురోజు రాత్రి పదింటికి ట్రావెల్స్ వాళ్ళు బండి మార్చారు. నంబరు మారింది కాబట్టి పాస్ మళ్ళీ మొదటి నుంచి. అద్దె బండిలో వెళ్ళేవాళ్ళు నంబరు ఖాయమయ్యాకే పాస్ తీసుకోండి. ఎండాకాలం వెళ్ళేవాళ్ళయితే మరీ జాగ్రత్త. 2025 సీజన్‌లో కొడైకి మామూలు రోజుల్లో 4,000 బండ్లు, శని ఆదివారాల్లో 6,000 మించకూడదని కోర్టు పరిమితి పెట్టింది. మేం వెళ్ళింది ఫిబ్రవరిలో, అదీ సోమవారం. ఆ గొడవే లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. డ్రైవర్ మదనపల్లె అబ్బాయి. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వాక్యంలో మాట్లాడగలడు. అత్తిబెలె దాటాక హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, తొప్పూరు ఘాటు, సేలం. అమ్మకి సేలం దాకా నిద్ర, అక్కణ్ణుంచి దిండిగల్లు దాకా పులిహోర. వత్తలగుండు దగ్గర కొండ మొదలయ్యాక నాన్న కిటికీ దించి కూర్చున్నారు. పడవ కోసం వెళ్తున్నామని తెలిసి డ్రైవర్ నవ్వాడు. "మా సైడు నీళ్ళంటే ట్యాంకర్లో చూడ్డమే అక్కా. నేను ఒడ్డునే ఉంటా, మీరు పోయి రాండి."

చెక్‌పోస్టు దగ్గర పాస్ స్కాన్ చేసి, బండిలోకి తొంగిచూశారు. అయిదు లీటర్ల లోపు ప్లాస్టిక్ సీసాలు కొండ మీదికి తీసుకెళ్ళకూడదు, దొరికితే సీసాకి 20 రూపాయలు. అమ్మ కాళ్ళ దగ్గర రెండు లీటరు సీసాలున్నాయి, వాటి నిండా మజ్జిగ. నలభై రూపాయలు కట్టి, మజ్జిగ స్టీలు క్యానులోకి ఒంపి, సీసాలు వాళ్ళకిచ్చేశాం. "మజ్జిగ మీద కూడా పన్నేనా" అని అమ్మ కొండెక్కేదాకా గొణుగుతూనే ఉంది.

ఊరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా రోడ్డు పక్కనే సిల్వర్ కాస్కేడ్ జలపాతం. ఫిబ్రవరి కాబట్టి సన్నగా ఉంది. అవి కొడై చెరువు నిండి పొర్లిన నీళ్ళేనని డ్రైవర్ చెప్పగానే నాన్న బండి ఆపించి దిగారు. తలెత్తి చాలాసేపు చూసి, "చెరువుకి అలుగు ఇంత కిందకి దూకుతుందా!" అన్నారు. "మా సైడు మొరవ పోతాందంటారు సార్. పోతే కదా అనేదానికి" అన్నాడు డ్రైవర్.

ఆ రాత్రి హోమ్‌స్టేలో అమ్మ అన్నం వండింది. కుక్కరు లేదు, గిన్నెలో పెట్టింది. ఎంతసేపైనా పలుకు పోలేదు. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకుమించి వేడెక్కవు అని నాన్న పాఠం చెప్పారు. పాఠం విన్నాక కూడా అన్నం ఉడకలేదు. పులిహోర మిగిలింది కాబట్టి బతికాం.

మంగళవారం పొద్దున తొమ్మిదికి బోట్‌హౌస్ దగ్గరున్నాం. నాన్న కొత్త చొక్కా మీద పాత స్వెటరు, దాని మీద నా చున్నీ మఫ్లరులా. కౌంటర్లో ఆయనకి నా ఫోన్‌లోని ఫొటో, డబ్బు కట్టిన మెసేజ్ చూపించాను. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. పక్కాయనకి చూపించాడు. ఇద్దరూ నవ్వలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. "మేడమ్, దిస్ ఈజ్ కాశ్మీర్" అన్నాడు మెల్లగా. నా పేరు మీద వాళ్ళకెవరూ ఏమీ కట్టలేదు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే రెండుసార్లు రింగయి కట్టయింది. "మా వాళ్ళు లొకేషన్‌లోనే ఉన్నారు" అని ఒక మెసేజ్ వచ్చింది, తర్వాత అదీ లేదు. ఆ మూడున్నర వేలు ఇప్పటికీ రాలేదు.

నా గొంతు చూసి నాన్న దగ్గరికొచ్చారు. విషయం చెప్పాను. "కేకు కూడా లేదా?" అన్నారు. లేదన్నాను. "హమ్మయ్య. పద, టికెట్టు తీసుకుందాం."

చెప్పొచ్చేదేమిటంటే, మన కుటుంబానికి ఒక పడవ కావాలంటే అక్కడ పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. తొక్కే పడవలున్నాయి, పడవాయనతో సహా ఇచ్చే తెడ్ల పడవలున్నాయి. బోర్డు మీద రేటుంది. మామూలు రోజు, పొద్దున్నే కాబట్టి మా ముందు ఒక కొత్తజంట తప్ప ఎవరూ లేరు. అరగంటకి టికెట్ కొట్టారు. పడవలో మేం ముగ్గురం, పడవాయన. నేను మూడున్నర వేలు పోసి కొనాలనుకున్న ప్రైవేటు అదే.

అమ్మ మాత్రం రేవు మెట్ల మీదే ఆగిపోయింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల లాంచీ మునిగినప్పటి నుంచి ఆమె నీళ్ళ మీదికి రాలేదు. లైఫ్ జాకెట్లు మూడూ తీసుకుని, ముందు నాకు తొడిగి, బకిళ్ళు లాగి చూసి, నాన్న దగ్గరికెళ్ళింది. గోదావరి ఈదినవాడికి ఇవేంటని ఆయన ఏదో అనబోయారు. అమ్మ ఒక్కటే మాట అంది: "కచ్చులూరు." నాన్న చేతులు పైకెత్తి నిలబడ్డారు. జాకెట్టు తడిగా, ముక్కిన వాసన వేస్తూ ఉంది. స్వెటరు మీద బిగిస్తే ఆయన తాబేలులా ఉన్నారు.

పడవాయనకి అరవై దాకా ఉంటాయి. మంకీ క్యాపు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. మేం వెనక బల్ల మీద కూర్చున్నాక, ఆయన మధ్య బల్ల మీద మాకు ఎదురుగా కూర్చుని, రెండు పక్కలా ఇనప కొక్కేల్లో తగిలించిన తెడ్లు అందుకున్నాడు. నాన్న కంగారుపడ్డారు.

"ఇదేంటే, ఈయన వెనక్కి తిరిగి కూర్చున్నాడు? ఎటు పోతున్నాడో చూసుకోవద్దూ?"

మా వైపు పడవల్లో తెడ్డు వేసేవాడు వెళ్ళే దిక్కుకే చూస్తాడు. లోతు తక్కువైన చోట గెడ గుచ్చి తోసేటప్పుడూ అంతే. ఇక్కడ తెడ్డు ఒంటికేసి లాగాలి, పడవ వీపు వైపుకి పోతుంది. కాలేజీ రోజుల్లో నేను చూశాను గానీ ఇందులో వింతేమిటో నాకెప్పుడూ తోచలేదు. నాన్న మాత్రం ఆ అరగంట టికెట్టులో మొదటి పది నిమిషాలూ నీళ్ళు చూడలేదు, కొండలు చూడలేదు. ఆ మనిషి మోచేతులనే చూస్తూ కూర్చున్నారు.

కొడై చెరువు నక్షత్రం ఆకారంలో ఉంటుంది. అరవై ఎకరాలు. ఎక్కడ నిలబడినా మొత్తం కనపడదు, ఒక్కో కొమ్ము ఒక్కో కొండ సందులోకి దూరిపోతుంది. ఒక మలుపు తిరిగేసరికి బోట్‌హౌస్ కనపడకుండా పోయింది, దాంతోపాటు రోడ్డు మీది సైకిల్ బెల్లులు, మొక్కజొన్న పొత్తుల కేకలు కూడా. తెడ్డు నుంచి కారే చుక్కల చప్పుడు వినపడింది. అప్పుడు నాన్న గొంతు సవరించుకుని, తన చేతులు చూపించి, తెడ్లు చూపించి, పడవాయన మొహంలోకి చూశారు.

నాకు తమిళం రాదు. పన్నెండేళ్ళుగా బెంగళూరులో ఉండి కన్నడమే అంతంతమాత్రం. భాష వచ్చిన డ్రైవరేమో ఒడ్డున టీ తాగుతున్నాడు. పడవాయన వెనక్కి తిరిగి మలుపు వంక చూసి, అమ్మ వంక చూసి, చివరికి తలూపాడు.

తర్వాత జరిగింది నాకు బాగా గుర్తుంది. నడి నీళ్ళలో చిన్న పడవలో ఇద్దరు మనుషులు చోటు మారాలి. ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. ముందు పడవాయన తెడ్లు లోపలికి లాగి పెట్టాడు. నాన్న లేవకుండానే నడుం వంచి, రెండు చేతులూ రెండు అంచుల మీద ఆనించి, అడుగు సరిగ్గా పడవ మధ్య చెక్క మీద వేశారు. ఆయన కుడి నుంచి వెనక్కి, ఈయన ఎడమ నుంచి ముందుకి. పడవ కొంచెం ఒరిగి మళ్ళీ సర్దుకుంది. పడవాయన అమ్మ పక్కన కూర్చుని నాన్న పాదాల వంక చూసి ఏదో అన్నాడు, నవ్వాడు. అర్థం కాలేదు, కానీ అప్పటిదాకా నాన్నని 'సార్' అన్న మనిషి ఆ తర్వాత అనలేదు. 'అన్నే' అన్నాడు.

అంత చక్కగా కూర్చుని, నాన్న మొదటి తెడ్డే తప్పు వేశారు. నీళ్ళలోకి మరీ లోతుగా దించేసరికి తెడ్డు అడ్డం తిరిగి, పిడి వచ్చి డొక్కలో గుద్దింది. జాకెట్టు లేకపోతే గట్టిగానే తగిలేది. అమ్మ నోరు తెరవలేదు, జాకెట్టు వంక ఒకసారి చూసింది, అంతే. రెండోసారి తెడ్డు నీళ్ళకి తగలనే లేదు, గాల్లో లాగి వెల్లకిలా పడబోయారు. మూడోసారి పడవ గుండ్రంగా తిరిగింది. ఒడ్డున ఎవరో కుర్రాళ్ళు ఈల వేశారు.

పడవాయన ముందుకి వంగి నాన్న మణికట్లు పట్టుకున్నాడు. రెక్క నిటారుగా, పైపైన మునిగేలా తిప్పి, "మెదువా, మెదువా" అంటూ తనే లాగించాడు. తర్వాత మా వెనక ఒడ్డు మీద ఒక ఎర్ర పెంకుల ఇల్లు చూపించి, పడవ వెనక కొస చూపించి, రెండు వేళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాడు. నాన్న రెండు క్షణాలు చూశారు. మొహం వెలిగిపోయింది.

"ఓహో! రెండు బిందువులమ్మా! ఈ కొసా, ఆ ఇల్లూ ఒకే గీత మీద ఉన్నంతసేపు మనం తిన్నగా పోతున్నట్టే. ఇల్లు కుడికి జరిగిందంటే మనం పక్కకి పోయినట్టు." ముప్పై ఏళ్ళు పిల్లలకి గీతలు గీయించిన మనిషి. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా మెడ తిప్పి ముందుకి చూడలేదు, ఆ ఎర్ర ఇంటి మీదే కళ్ళు పెట్టుకుని లాగారు. పడవ వంకరటింకరగానే గానీ వెళ్ళింది.

మధ్యమధ్యలో ఇద్దరూ మాటలు మార్చుకున్నారు. ఆయన 'పడగు' అంటే ఈయన పడవ. ఆయన 'తుడుప్పు' అంటే ఈయన తెడ్డు. ఆయన చేయి చుట్టూ తిప్పి 'ఏరి' అన్నాడు. నాన్న అడ్డంగా తలూపి, "ఏరంటే మాకు పారాలి" అని చేత్తో పారించి చూపించారు. పక్కనే నీళ్ళలోంచి తెడ్డుకి నాచు చుట్టుకొచ్చింది, దానికి మాత్రం ఇద్దరూ ఒకేలా మొహం చిట్లించారు.

ఈ చెరువు ఎప్పటిదని నాన్న నన్నడిగారు. 1863 అన్నాను, ముందురోజు చదివి పెట్టుకున్నదే. వాగుకి కట్ట వేయించి లెవింజ్ చెరువు చేశాడని, తూత్తుకుడి నుంచి మొదటి పడవ తెప్పించాడని చెబుతారని చెప్పాను. నాన్న మనసులో లెక్కేసుకున్నారు. "మన ధవళేశ్వరం ఆనకట్ట 1852. అంటే పదకొండేళ్ళ తర్వాత. అక్కడ కాటన్ దొర చేలకి నీళ్ళిచ్చాడు, ఇక్కడ ఈ దొర షికారుకి." దొర అన్న మాట పట్టుకుని పడవాయన "దురై, దురై" అని కొండ మీది బంగళాల వైపు చేయి చూపించాడు. లోతెంతని నాన్న సైగ చేస్తే, తెడ్డు నిలువుగా ముంచి, ఇంకా ఇంకా అన్నట్టు చేయి ఊపాడు. నేను చదివినదాని ప్రకారం బాగా లోతైన చోట 11 మీటర్లు, సగటున 3 మీటర్లే. "మూడైతే గెడ సరిపోద్ది" అన్నారు నాన్న. ఊరి యాస ఆయన నోట విని చాలా రోజులైంది. మా ముందు ఎప్పుడూ మాస్టారి భాషే.

ఓ పావుగంటకి ఆయాసం వచ్చింది. ఏడు వేల అడుగుల ఎత్తు, డెబ్భై ఏళ్ళు. నాకు టెన్షన్ మొదలైంది. చాలు నాన్నా అన్నాను, వినిపించుకోలేదు. పడవాయన మాత్రం ఏమీ అనకుండా తన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూపించాడు. నాన్న తెడ్లు వదిలేశారు. పడవ దానంతటదే కొంతదూరం జారి ఆగింది. అమ్మ క్యానులోంచి మజ్జిగ పోసి ఇద్దరికీ ఇచ్చింది. నలభై రూపాయలు కట్టిన మజ్జిగ. పడవాయన గడగడా తాగి, ఇంకొంచెం అని గ్లాసు చాపాడు.

అప్పుడు గాలి మారింది. అంటే, నాకు తెలియలేదు. వాళ్ళిద్దరూ ఒకేసారి ఒకే వైపు తల తిప్పేసరికి నేనూ అటు చూశాను. అవతలి కొమ్ము మొదట్లో నీళ్ళు గరుకుగా, గోనెపట్టాలా కనిపించాయి. దాని వెనకే కొండ మీంచి తెల్లగా మంచు దిగుతోంది. ఈసారి పడవాయన నాన్నని లేవమనలేదు. తనే వచ్చి అదే బల్ల మీద పక్కన కూర్చుని ఒక తెడ్డు తీసుకున్నాడు, రెండోది నాన్నది. ఆయన బలంగా లాగితే పడవ నాన్న వైపుకి తిరుగుతుంది కాబట్టి, తనది తగ్గించి, నాన్న ఊపిరిని చూసి లాగుతున్నాడు. ఇద్దరి భుజాలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. మంచు మమ్మల్ని దాటి ముందుకెళ్ళిపోయింది, ఎర్ర ఇల్లు కనిపించకుండా పోయింది. "బిందువు పోయిందే" అన్నారు నాన్న. పడవాయన బోట్‌హౌస్ వైపు నుంచి వస్తున్న పాట వంక చెవి చూపించాడు.

రేవుకి చేరేసరికి అరగంట కాస్తా గంటయింది. అదనపు టైముకి డబ్బు కట్టాలన్నారు. నేను ఫోన్ తీస్తుంటే నాన్న ఆపి, స్వెటరు కింద చొక్కా, చొక్కా కింద బనీను జేబులోంచి మడతలు పెట్టిన నోట్లు తీసి లెక్కపెట్టారు. పడవాయనకి వేరే ఇవ్వబోతే తీసుకోలేదు, అమ్మ చేతిలోని మజ్జిగ క్యాను వంక చూశాడు. మిగిలింది మొత్తం పోసిచ్చింది.

డ్రైవర్ బండి తలుపు తీసి, "ఏం సార్, మునగకుండా వచ్చినారా?" అన్నాడు. నాన్న జవాబివ్వకుండా చేతులు ముందుకి చాపి చూపించారు. రెండు అరచేతుల్లోనూ బొబ్బలు. కుడిచేతిలో ఒకటి అప్పటికే చితికింది.

హోమ్‌స్టేకి వచ్చాక అమ్మ ఊరి నుంచి తెచ్చిన కొబ్బరినూనె సీసా తీసింది. మా తోటలో కాయలు ఆడించిన నూనె. తలకిందులు చేసినా చుక్క పడలేదు. సంక్రాంతి చలికి మా ఊళ్ళోనూ కాస్త పేరుకుంటుంది గానీ ఇలా రాయిలా కాదు. తల్లోంచి పిన్ను తీసి, దాంతో తెల్లగా కొంచెం కొంచెం గీకి, ఆయన అరచేతుల్లో పెట్టింది. కరిగేదాకా ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు.

"రేపు పొద్దున ఎన్నింటికి తెరుస్తారన్నాడు?" అన్నారు నాన్న.